వందనం చాలదు, వాదించడం నేర్పాలి

దేశభక్తిని పిల్లలకు ఎలా నేర్పాలి, ఎవరు నేర్పాలి అన్న చర్చ మన దగ్గర ఆగస్టు 15కో జనవరి 26కో మొదలై, మిఠాయిలు పంచేసరికి ముగుస్తుంది. అమెరికాలో ఒక మాజీ సైనికుల సంస్థ మాత్రం నూరేళ్లకు పైగా ఈ పనిని ఏడాది పొడవునా నెత్తిన పెట్టుకుంది. దాని పేరు అమెరికన్ లీజియన్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, స్వదేశానికి తిరిగి వెళ్లే రోజు కోసం ఫ్రాన్స్‌లో ఎదురుచూస్తున్న అమెరికన్ సైనికులు 1919 మార్చిలో పారిస్‌లో సమావేశమై దానికి పునాది వేశారు. మాజీ సైనికుల వైద్యం, పరిహారం, చదువుల కోసం ప్రభుత్వంతో కొట్లాడడం దాని మొదటి పని. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చినవాళ్లకు కాలేజీ చదువు, ఇంటి రుణం అందించిన 1944 నాటి జీఐ బిల్లుకు ముసాయిదా రాసింది ఈ సంస్థ మాజీ జాతీయ కమాండర్ హ్యారీ కోల్మరీయే. ‘అమెరికనిజం’ పేరుతో యువతలో దేశాభిమానం పెంచడం రెండో పని. ఈ రెండో పనిలో లీజియన్ చేసిన మంచి ఉంది, చెడూ ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. పిల్లల చేత బలవంతాన వందనం చేయించిన చోట లీజియన్ ఓడిపోయింది. పిల్లలకు బాధ్యత అప్పజెప్పి పక్కకు తప్పుకున్న చోట గెలిచింది.

గెలిచిన కథ ముందు చూద్దాం. 1935లో ఇలినాయ్ రాష్ట్రంలో హేస్ కెనెడీ, హెరాల్డ్ కార్డ్ అనే ఇద్దరు లీజియన్ సభ్యులు ‘బాయ్స్ స్టేట్’ అనే శిబిరం మొదలుపెట్టారు. అప్పట్లో కమ్యూనిస్టులు యువతకు ‘యంగ్ పయనీర్’ శిబిరాలు నడుపుతున్నారు. వాటికి పోటీగా వచ్చిన ఆలోచన ఇది. పోటీ శిబిరం అనగానే మనకు తోచేది ఎదుటివాళ్లను తిట్టే ఉపన్యాసాలు, మనవాళ్లను పొగిడే పాటలు. వీళ్లు ఎంచుకున్న దారి వేరు. పదకొండో తరగతి పూర్తిచేసిన కుర్రాళ్లను ఎంపిక చేసి, సుమారు వారం పాటు ఒక చోట ఉంచి, వాళ్లకో రాష్ట్రాన్ని అప్పగిస్తారు. పార్టీలను నడిపే పని కూడా పెద్దలది కాదు. రెండు పార్టీల్లో ఎవరు ఎటు అన్నది మాత్రం కేటాయిస్తారు. టెక్సస్ వంటి చోట్ల వాటి పేర్లు నేషనలిస్టులు, ఫెడరలిస్టులు. ఇక మేనిఫెస్టో రాసుకోవడం, మేయర్ల దగ్గర్నుంచి గవర్నర్ దాకా ఎన్నికలు జరుపుకోవడం, శాసనసభలో బిల్లులు పెట్టి వాదించి ఓటు వేయడం అంతా పిల్లలదే. ఇక్కడ ఒక చిన్న ఏర్పాటు గమనించాలి. ఆ పార్టీలు అసలు రాజకీయాల్లోని రిపబ్లికన్, డెమొక్రాట్ పార్టీలు కావు. ఇంటి దగ్గర నాన్న వేసే ఓటును కుర్రాడు ఇక్కడ అలాగే దింపేసుకోవడానికి వీల్లేదు. తనకు అలాట్ అయిన పార్టీలో, ముక్కూమొహం తెలియని వందల మందిని ఒప్పించి తన మాట నెగ్గించుకోవాలి.

ఒక్కో రాష్ట్రం నుంచి ఇద్దరిని ఎంపిక చేసి రాజధాని వాషింగ్టన్‌కు పంపే ‘బాయ్స్ నేషన్’ 1946లో వచ్చింది. 1963 జూలై 24న వైట్‌హౌస్ తోటలో అధ్యక్షుడు కెనెడీతో పదహారేళ్ల బిల్ క్లింటన్ చేయి కలిపిన ఫొటో ఈ కార్యక్రమానికి చెందినదే. అందరూ ఆ ఫొటో గురించే చెబుతారు కానీ, ఆ రోజు కెనెడీ అన్న మాటకు విలువ ఎక్కువ. నల్లజాతివారి పౌరహక్కుల బిల్లు మీద దేశం అట్టుడికిపోతున్న రోజులవి. అంతకుముందే మయామీలో జరిగిన గవర్నర్ల సమావేశం ఆ విషయంలో చేతులెత్తేసింది. బాయ్స్ నేషన్ కుర్రాళ్లు మాత్రం పౌరహక్కులకు అనుకూలంగా తీర్మానం చేశారు. కొన్ని విషయాల్లో ఆ గవర్నర్ల కంటే మీరే ఎక్కువ చొరవ చూపించారని కెనెడీ వాళ్లను మెచ్చుకున్నాడు. ఈ తీర్మానం చేయమని వాళ్లకు ఏ మాజీ సైనికుడూ చెప్పలేదు. చేతిలో ఓటు, ఎదురుగా ఎజెండా ఉన్నాయి కాబట్టి ఆలోచించారు, తేల్చారు. దేశాన్ని ప్రేమించడమంటే దేశంలోని తప్పును దిద్దడానికి పూనుకోవడమని ఆ పిల్లలకు పని చేస్తుండగానే తెలిసింది.

1938లో మొదలైన లీజియన్ వక్తృత్వ పోటీదీ ఇదే బాట. వక్తృత్వం అనగానే మనకు గుర్తొచ్చేది బట్టీ పట్టి, చేతులు ఊపుతూ అప్పజెప్పే ఉపన్యాసం. ఇక్కడ అంశం ఎప్పుడూ రాజ్యాంగమే. హైస్కూలు విద్యార్థి ఎనిమిది నుంచి పది నిమిషాలు, చేతిలో కాగితం లేకుండా, రాజ్యాంగంలో ఏదో ఒక అంశం గురించి, పౌరుడిగా తన బాధ్యత గురించి మాట్లాడాలి. అది అయ్యాక రెండో పరీక్ష ఉంటుంది. ఫలానా అధికరణం లేదా ఫలానా సవరణ మీద మాట్లాడమని కాసేపటి ముందు చెబుతారు. దాని మీద మూడు నుంచి ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఎవరైనా రాసిపెట్టిన ప్రసంగంతో మొదటి గండం గట్టెక్కవచ్చేమో గానీ, రెండోది సొంతంగా చదివినవాడికే సాధ్యం. వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఎర వేసి, పదహారేళ్ల పిల్లల చేత రాజ్యాంగం చదివిస్తున్నారు. ఇంతకంటే చవకైన దేశసేవ మరొకటి కనిపించదు.

ఇప్పుడు ఓడిన కథ. జెండాను ఎలా ఎగరేయాలి, ఎలా మడవాలి, ఎలా గౌరవించాలి అన్న నియమావళి కోసం 1923లో వాషింగ్టన్‌లో సమావేశం జరిపించింది లీజియనే. 1942లో కాంగ్రెస్ దాన్ని చట్టంగా ఆమోదించింది. ఇంతవరకు పేచీ లేదు. కానీ బడిలో ప్రతి పిల్లా జెండాకు వందనం చేసి తీరాలన్న పట్టుదల దగ్గర కథ అడ్డం తిరిగింది. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖవారు దేవుడికి తప్ప దేనికీ వందనం చేయరు. పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్‌లో ఆ శాఖకు చెందిన ఒక కుటుంబంలోని అక్కాతమ్ముళ్లను 1935లో బడి నుంచి పంపేశారు. 1940 జూన్‌లో సుప్రీంకోర్టు బడినే సమర్థించింది. ఆ తీర్పు వచ్చాక చాలా ఊళ్లలో ఆ మతస్థుల మీద దాడులు జరిగాయి. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో ఒక డిప్యూటీ షెరిఫ్, స్థానిక లీజియన్ సభ్యులు కలిసి వాళ్లను మేయర్ ఆఫీసులో నిర్బంధించారు. ఆ షెరిఫ్ తన బ్యాడ్జి తీసి పక్కనపెట్టి, ఇక జరగబోయేది చట్టం పేరుతో జరగదని మరీ ప్రకటించాడు. ఆ తర్వాత ఆ మనుషుల చేత బలవంతంగా ఆముదం తాగించారు, తాళ్లతో కట్టి వీధుల్లో నడిపించారు, ఊరి పొలిమేర దాటించారు. దేశభక్తి పేరుతో పని మొదలుపెట్టడానికి దేశపు చట్టాన్ని పక్కన పెట్టాల్సి వచ్చిందంటే, అది ఎలాంటి దేశభక్తో చెప్పక్కర్లేదు. ఆ షెరిఫ్‌కు తర్వాత కోర్టులో శిక్ష పడింది.

మూడేళ్లలో సుప్రీంకోర్టు తన తప్పు దిద్దుకుంది. 1943 జూన్ 14న, సరిగ్గా అమెరికా జెండా దినోత్సవం నాడే, వెస్ట్ వర్జీనియా వర్సెస్ బార్నెట్ కేసులో ఎవరి చేతా బలవంతంగా వందనం చేయించకూడదని 6–3 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ కేసులో లీజియన్ బడి అధికారుల పక్షాన వాదన దాఖలు చేసింది, ఓడింది. తీర్పు రాసిన జస్టిస్ రాబర్ట్ జాక్సన్ చెప్పిన సారాంశం ఇది: ఏది దేశభక్తో, ఏ నమ్మకం సరైనదో నిర్ణయించి పౌరుల నోట పలికించే అధికారం ఏ చిన్నా పెద్దా అధికారికీ లేదు. దేశం హిట్లర్‌తో యుద్ధంలో ఉండగా వచ్చిన తీర్పు ఇది. దానివల్ల సైన్యం బలం ఇసుమంతైనా తగ్గలేదు. నలభై మూడేళ్ల తర్వాత అదే ప్రశ్న కేరళ నుంచి మన సుప్రీంకోర్టుకు వచ్చింది. జాతీయగీతం పాడుతున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడి, నోరు మాత్రం కదపని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేశారు. వాళ్లదీ యెహోవా సాక్షుల కుటుంబమే. 1986 ఆగస్టు 11న వాళ్లను తిరిగి చేర్చుకోవాలని తీర్పు ఇచ్చిన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి మన తెలుగువారు. ఆ తీర్పులో ఆయన బార్నెట్ కేసునూ ప్రస్తావించారు.

అయితే జెండా, గీతం, ప్రతిజ్ఞ అక్కర్లేదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆరేళ్ల పిల్లకు రాజ్యాంగ అధికరణాలు అర్థం కావు. పదిమందితో కలిసి నిలబడి చెప్పిన నాలుగు మాటలు అర్థమవుతాయి. విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రాసిన ప్రతిజ్ఞ ఇవాళ దేశమంతటా బడుల్లో మోగుతోందంటే, అలాంటి మాటలకు బలం ఉందనే కదా అర్థం. ఆచారాల మీద నాకు పేచీ లేదు. బాయ్స్ స్టేట్‌లోనూ జెండా ఎగురుతుంది. పేచీ అంతా అక్కడితో ఆగిపోవడం మీద, ఆగిపోయినదాన్ని కొలబద్ద చేసుకుని మనుషుల్ని తూచడం మీద. ఒకటో తరగతిలో చెప్పిన ప్రతిజ్ఞనే పదో తరగతిలోనూ చెప్పించి, మధ్యలో ఏ బాధ్యతా ఇవ్వకపోతే ఆ మాటలు నోటి అలవాటుగా మిగులుతాయి.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. ఈ ఆటల ఎన్నికల్లో పిల్లలు నేర్చుకునేది పౌర ధర్మమా, రాజకీయ కుతంత్రమా? టెక్సస్ బాయ్స్ స్టేట్ శిబిరం మీద తీసి 2020లో విడుదల చేసిన డాక్యుమెంటరీ చూసినవారికి ఈ అనుమానం రాక మానదు. 2017లో అక్కడి కుర్రాళ్లు టెక్సస్ అమెరికా నుంచి విడిపోవాలని ఓటేశారు. మరుసటి ఏడాది శిబిరంలో, అదే సినిమాలో, ఒక వలస తల్లి కొడుకు గవర్నర్ పదవికి నిలబడి ఇంటింటికీ తిరిగినట్టు ఒక్కొక్కరితో మాట్లాడి మద్దతు కూడగట్టుకుంటాడు. అంతకుముందు అతను తుపాకుల నియంత్రణ కోసం చేసిన ఊరేగింపును ఎదుటి పక్షం తవ్వి తీసి ఓడిస్తుంది. నల్లజాతి కుర్రాడైన ఒక పార్టీ నాయకుడి మీద ఎగతాళి బొమ్మలు ఫోన్లలో తిరుగుతాయి. నిజమే, అక్కడ దుష్టత్వమూ నేర్చుకున్నారు. కానీ దాన్ని శిబిరం పుట్టించలేదు. పెద్దల రాజకీయం నుంచి పిల్లలు వెంట తెచ్చుకున్నారు. అడ్డదారి ఎలా పనిచేస్తుందో, దాని వల్ల ఎవరికి గాయమవుతుందో పదిహేడేళ్లకు కళ్లారా చూడడం, మొదటిసారి ఓటు వేసే రోజున మోసపోవడం కంటే మేలు. ఈత నేర్చుకునేవాడు నాలుగు గుక్కలు నీళ్లు మింగక తప్పదు.

ఈ పద్ధతి బలానికి పెద్ద రుజువు ఆడపిల్లల శిబిరంలో ఉంది. లీజియన్ అనుబంధ మహిళా సంస్థ 1937 నుంచి ‘గర్ల్స్ స్టేట్’ నడుపుతోంది. మిస్సోరిలో 2022లో జరిగిన శిబిరాన్ని చూపిన మరో డాక్యుమెంటరీలో, అదే ప్రాంగణంలో జరుగుతున్న అబ్బాయిల శిబిరానికి డబ్బు ఎక్కువ, తమకు తక్కువ అని అమ్మాయిలు గమనిస్తారు. అబ్బాయిలకు లేని ఆంక్షలు తమకెందుకని అడుగుతారు. వారిలో ఒకమ్మాయి లెక్కలు సేకరించి, శిబిరం పత్రికకు వ్యాసం రాస్తుంది. నిర్వాహకులకు ఇది ఇబ్బందే. అయినా పౌరసత్వం నేర్పే కార్యక్రమం నిజంగా నేర్పిందా అనడానికి దీన్ని మించిన పరీక్ష ఏముంటుంది? నేర్చుకున్న పిల్ల, నేర్పినవాళ్లనే ప్రశ్నించింది. ఆ ప్రశ్నకు లీజియన్ కుటుంబం సమాధానం చెప్పాలి, ఖర్చు సమానం చేయాలి.

యుద్ధం చేసి వచ్చినవాళ్ల చేతికి పిల్లలను అప్పగిస్తే సైనిక మనస్తత్వం అంటుతుందనేది మూడో అభ్యంతరం. రిచ్‌వుడ్ ఘటన ఈ భయం గాలిలోంచి పుట్టలేదని చెబుతుంది. అయితే సైనికుడిలో రెండు గుణాలుంటాయి. ఒకటి ఆజ్ఞాపాలన, రెండోది తాను ఎరగని మనిషి కోసం కష్టపడే తత్వం. మొదటిది బారక్‌లో అవసరం, పౌర జీవితంలో దానితో జాగ్రత్తగా ఉండాలి. రెండోది పౌర జీవితానికి ఎంత ఉన్నా చాలదు. బాయ్స్ స్టేట్‌కు కుర్రాడిని పంపే ఖర్చును చాలాచోట్ల ఊళ్లోని లీజియన్ శాఖలే భరిస్తాయి. ఆ కుర్రాడు సైనికుడి కొడుకే కానక్కర్లేదు, సైన్యంలో చేరతానని మాట ఇవ్వనక్కర్లేదు. ఆ నిరపేక్షతే వాళ్ల గౌరవం.

ఒక లోటు మాత్రం తెలుగువారికి నేరుగా తగులుతుంది. లీజియన్ వక్తృత్వ పోటీ అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. భారతీయులకు గ్రీన్‌కార్డు క్యూ ఏళ్లకు ఏళ్లు కదలని కారణంగా, హెచ్-4 వీసా మీద పసితనం నుంచి అక్కడే పెరిగిన మన పిల్లలెందరో హైస్కూలు దాటే నాటికీ ఆ గీతకు బయటే ఉంటారు. రోజూ అక్కడి జెండా ఎదుట నిలబడే పిల్లకు అక్కడి రాజ్యాంగం గురించి మాట్లాడే అవకాశం ఇవ్వకపోవడంలో అర్థం లేదు. బహుమతి సొమ్ముకు షరతు పెట్టుకున్నా, వేదిక ఇవ్వవచ్చు. అక్కడి తెలుగు సంఘాలు సభల్లో నాయకులతో ఫొటోలు దిగే శ్రద్ధలో కొంత మళ్లించి, లీజియన్ శాఖలతో ఈ మాట మాట్లాడితే మంచిది.

ఇక్కడ మనకూ మాజీ సైనికులకు కొదవ లేదు. సైనికుల ఊరుగా పేరుపడ్డ మిలిటరీ మాధవరం వంటి ఊరే మనకు ఉంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. జెండా పండుగ రోజున వాళ్లను పిలిచి, శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి పంపేస్తున్నాం. అంతకంటే పెద్ద పని వాళ్లకు అప్పగించవచ్చు. వచ్చే నవంబరు 26 రాజ్యాంగ దినోత్సవానికి ఒక్కో మండలంలో ఒక్క హైస్కూలును ఎంచుకుని, తొమ్మిదో తరగతి పిల్లల చేత వాళ్ల సొంత పంచాయతీ బడ్జెట్ మీద నమూనా గ్రామసభ నడిపించండి. తాగునీటికి ఎంత, వీధి దీపాలకు ఎంత అని పిల్లలే వాదించి ఓటు వేయాలి. సర్పంచ్, కార్యదర్శి వచ్చి వాళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పాలి. క్రమశిక్షణ చూసుకునే బాధ్యత మాజీ సైనికులది, తీర్మానం మాత్రం పిల్లలది. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. ప్రధానోపాధ్యాయులు, మాజీ సైనికుల సంఘాలు ఈ వారమే ఒకరినొకరు పలకరించుకుంటే చాలు.