ఇంటి రేటు ఎప్పుడు దించాలి? పాతబస్తీ వారసుల ముందున్న లెక్క

పాతబస్తీ గల్లీల్లో తిరిగితే గోడల మీద ‘మకాన్ బరాయె ఫరోఖ్త్’ అని రాసిన బోర్డులు, కింద ఫోన్ నంబర్లు కనిపిస్తుంటాయి. కొన్ని బోర్డులు నెల రోజుల్లో పోతాయి. కొన్ని మాత్రం ఎండకు రంగు వెలిసిపోయినా అక్కడే ఉంటాయి. అలాంటి ఇంటివాళ్లను కదిపితే వచ్చే మాట ఒకటే: మంచి రేటు వస్తే ఇచ్చేస్తాం. మంచి రేటు అంటే ఎంత, ఎన్నాళ్లు చూస్తారు అని అడిగితే మాత్రం ఇంట్లో తలా ఒక జవాబు చెబుతారు.

ఇల్లు ఒక్కరిదే అయితే ఎంత చెప్పుకున్నా వాళ్ల ఇష్టం. తండ్రి పోయాక తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు ఉమ్మడిగా మిగిలిన ఇల్లయితే సంగతి వేరు. అక్కడ రేటు దించాలా వద్దా అన్నది బేరం ఒక్కటే కాదు, ఎవరి వాటా ఎన్నాళ్లు ఆగిపోతుందన్న ప్రశ్న కూడా.

81 వేల అంకె ఎక్కడిది?

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం ఆస్తుల సేకరణ మొదలయ్యాక పాతబస్తీలో ఒక అంకె అందరి నోటా నానుతోంది. రోడ్డు విస్తరణలో పోయే ఆస్తులకు గజానికి 81 వేల రూపాయల పరిహారం నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ ప్రారంభించారు. మెయిన్ రోడ్డు వాళ్లకే అంత వస్తే మనకు తక్కువేంటి అని లోపలి గల్లీల వాళ్లకూ అనిపించడం సహజం.

కానీ పరిహారం లెక్క వేరు, బేరం లెక్క వేరు. ప్రభుత్వం బలవంతంగా తీసుకునే భూమికి 2013 భూసేకరణ చట్టం ప్రకారం విలువ మీద 100 శాతం సొలేషియం కలుస్తుంది. యజమానికి ఇష్టం లేకున్నా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము అది. గల్లీలో ఇల్లు కొనేవాడికి అలాంటి అవసరం లేదు. ఈ ఇల్లు కాకపోతే ఇంకొకటి చూసుకుంటాడు. ఆటో దూరని గల్లీకీ, షట్టర్లు వేసుకోగలిగే రోడ్డుకీ ఒకే రేటు పెట్టడు. మెట్రో నడిచాక రేటు పెరగొచ్చు, కానీ రేపటి రేటును ఇవాళే కట్టమంటే లేచి వెళ్లిపోతాడు.

పైగా అమ్మేవాళ్లు చెప్పే ధర ఒకటి, కొనేవాళ్లకు పడేది ఇంకొకటి. హైదరాబాద్‌లో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. కోటీ 8 లక్షల ఇంటికి అదే 8 లక్షల 10 వేలు. బ్రోకర్ కమీషన్, రిపేర్లు దీనికి అదనం.

కొనేవాడి దగ్గర డబ్బు ఎలా వస్తుంది?

2025లో రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును 6.5 నుంచి 5.25 శాతానికి దించింది. హోమ్ లోన్ల వడ్డీ తగ్గింది కాబట్టి కొనేవాళ్లు పెరుగుతారని రియల్ ఎస్టేట్ వర్గాలు అంటాయి. పాతబస్తీ గల్లీల్లో ఆ మాట పూర్తిగా వర్తించదు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు లోన్ జోలికి వెళ్లవు. నోటరీ కాగితాల మీద చేతులు మారిన ఇళ్లకు మామూలుగా బ్యాంకులు లోన్ ఇవ్వవు.

కాబట్టి ఇక్కడ కొనేవాడు చాలాసార్లు తన ప్లాటు అమ్మి, బంగారం తీసి, చిట్టీ ఎత్తి, గల్ఫ్‌లో దాచిన సొమ్ము తెప్పించి డబ్బు జమ చేసుకోవాలి. దానికి టైమ్ పడుతుంది. నెలలో ఎవరూ బయానా ఇవ్వలేదని కంగారుపడి రేటు దించక్కర్లేదు. ఎండాకాలం సెలవుల్లో గల్ఫ్ కుటుంబాలు ఊరికి వచ్చి ఇళ్లు చూస్తాయి. ఆ సీజన్ దాటాకే పరిస్థితి తేలుతుంది.

ఏ సూచనకు ఏం చేయాలి?

క్యాలెండర్ ఒక్కటే చూస్తే సరిపోదు. వచ్చిన వాళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నారో గమనించాలి.

అసలు ఎవరూ చూడ్డానికే రావడం లేదంటే రెండు కారణాలు ఉండొచ్చు: ఇల్లు అమ్ముతున్నారని తెలియాల్సిన వాళ్లకు తెలియలేదు, లేదా రేటు వినగానే వదిలేస్తున్నారు. ముందు బ్రోకర్లను కనుక్కోవాలి. ఒకే ఇంటికి అన్న ఒక రేటు, తమ్ముడు ఇంకో రేటు, బ్రోకర్ మూడో రేటు చెప్పడం మామూలైపోయింది. మూడు రేట్లు విన్నవాడు అన్నింటికన్నా తక్కువ దాని నుంచే బేరం మొదలుపెడతాడు, పైగా వీళ్లలో వీళ్లకే కుదరలేదని అర్థం చేసుకుంటాడు.

చాలామంది వచ్చి, చాయ్ తాగి, చూసి వెళ్లి మళ్లీ ఫోన్ చేయడం లేదంటే ఇంటి స్థితికీ రేటుకీ పొంతన లేదన్నమాట. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు నలుగురు అటూ ఇటూగా ఒకే అంకె చెబితే, ప్రస్తుతానికి ఆ ఇంటి మార్కెట్ ధర దాదాపు అదే. రేటు దించాల్సిన సందర్భం ఇది.

మాటలన్నీ కుదిరి, కాగితాలు చూశాక వెనక్కి పోతున్నారా? అప్పుడు మాత్రం రేటు దించొద్దు. జబ్బు కాగితంలో ఉంటే రేటు తగ్గించినా నయం కాదు. 2024 జులైలో హైడ్రా వచ్చి చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్లలో కూల్చివేతలు చేశాక కొనేవాళ్లు ముందే జాగ్రత్త పడుతున్నారు. వక్ఫ్ భూమి అయితే నిషేధిత ఆస్తుల జాబితాలో ఉంటుంది, సబ్ రిజిస్ట్రార్ రిజిస్ట్రేషన్ చేయరు. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, తండ్రి డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదులు ఒక ఫైలులో పెట్టుకుని బోర్డు కడితే సగం అనుమానాలు అక్కడే తీరతాయి. కాగితంలో లోపం ఉంటే ముందే చెప్పాలి. అమ్మే వస్తువులో లోపం దాచడం, కొనే ఉద్దేశం లేనివాడితో ఎక్కువ రేటు పలికించడం షరీఅత్‌లో నిషిద్ధం.

ఇక దించాలనుకున్నాక నెలకో లక్ష చొప్పున దించుకుంటూ పోవడం పెద్ద పొరపాటు. ఇంకో నెల ఆగితే ఇంకో లక్ష తగ్గుతుందని కొనేవాడే ఆగుతాడు. వచ్చిన బేరాలకు దగ్గరగా ఒకేసారి దించి, అదే రేటు అందరికీ చెప్పి, దాని మీద నిలబడితే నమ్మకం కుదురుతుంది.

ఆగితే ఎవరికి లాభం?

ఊహకు ఒక ఇల్లు తీసుకుందాం. 120 గజాలు. తండ్రి చనిపోయాడు, ఆయన తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు వారసులు. చెబుతున్న ధర గజానికి 90 వేలు, అంటే కోటీ 8 లక్షలు. వస్తున్న బేరాలు గజానికి 80 వేల దగ్గర ఆగుతున్నాయి, అంటే 96 లక్షలు.

అప్పులు, భార్యకు బాకీ ఉన్న మహర్ ఉంటే ముందు అవి తీర్చాలి. అవేమీ లేవనుకుంటే భార్యకు ఎనిమిదో వంతు, మిగిలిన దాంట్లో కూతురికి ఒక పాలైతే కొడుకుకు రెండు పాళ్లు. 96 లక్షలకు అమ్మితే తల్లికి 12 లక్షలు, ఒక్కో కొడుకుకు 28 లక్షలు, ఒక్కో కూతురికి 14 లక్షలు. కోటీ 8 లక్షలకు అమ్ముడుపోతే తల్లికి 13 లక్షల 50 వేలు, కొడుకుకు 31 లక్షల 50 వేలు, కూతురికి 15 లక్షల 75 వేలు.

అంటే పెద్ద రేటు కోసం ఆగితే కూతురికి అదనంగా వచ్చేది లక్షా 75 వేలు. ఆమె నెలకు 10 వేల అద్దె ఇంట్లో ఉంటూ, ఈ వాటాతో చిన్న ఇల్లు చూసుకుందామని ఎదురుచూస్తుంటే, పద్దెనిమిదో నెలకల్లా ఆ అదనం మొత్తం అద్దెకే పోతుంది. ఆ తర్వాత ఎంత ఆగితే అంత నష్టం. అదీ చివరికి ఆ రేటు వస్తేనే.

అదే ఇంట్లో ఉంటున్న కొడుకు సంగతి చూడండి. అతనికి అద్దె లేదు. ఆగిన ప్రతి నెలా మిగులే. రేటు వస్తే కూతురి కన్నా రెట్టింపు అదనం, రాకపోతే ఉండడానికి ఇల్లు. అతను చెడ్డవాడు కానక్కర్లేదు, అబ్బా కట్టిన ఇల్లని మమకారమే కావొచ్చు. కానీ రేటు మీద ఆఖరి మాట చాలా ఇళ్లలో అతనిదే అవుతుంది, ఆగడానికి అయ్యే ఖర్చు మాత్రం ఆపాలు, చెల్లెళ్లు భరిస్తారు. ఎవరూ కొనని రేటు పెట్టుకుని కూర్చోవడం కొన్నిసార్లు ఇల్లు అమ్మకుండా ఉండే పద్ధతి అవుతుంది. అమ్మనని ఎవరూ అనలేదు కాబట్టి ఆడపిల్లలు అడగడానికి కూడా మొహమాటపడతారు.

అమ్మీ ఉన్నంతకాలం ఇల్లు ఉండాలనేదే అసలు కారణమైతే అది గౌరవించాల్సిన మాట. అలాంటప్పుడు అందరూ కూర్చుని ఆ మాటే చెప్పుకుని బోర్డు తీసేయడం మంచిది. ఇల్లు తనకే కావాలని కొడుకు అనుకుంటే, బయటివాళ్లు ఇస్తామన్న రేటుకే మిగతావాళ్ల వాటాలు కొనుక్కోవచ్చు. ఏ మాటా కుదరకపోతే ఏ వారసుడైనా, వారసురాలైనా సివిల్ కోర్టులో పార్టీషన్ దావా వేయొచ్చు. పంచడానికి వీలుకాని ఇంటిని కోర్టు అమ్మించగలదు. కానీ అక్కడిదాకా పోతే ఏళ్లు గడుస్తాయి, పలకరింపులూ తెగిపోతాయి.

ఎంతవరకు దించొచ్చు?

కింద కూడా ఒక హద్దు ఉంది. ప్రభుత్వ మార్కెట్ విలువ అమ్మిన ధరలో 110 శాతం దాటితే, చేతికి రాని సొమ్ము మీద కూడా ఆదాయపన్ను లెక్క కడతారు. అందుకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు విలువ ముందే చూసుకోవాలి. ఇంటి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం చట్టవిరుద్ధం.

2024 జులై 23కు ముందు కొన్న ఇళ్లకు, ఇక్కడ నివసించే వారసులు 12.5 శాతం పన్ను గానీ, ఇండెక్సేషన్‌తో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. గల్ఫ్‌లో ఎన్నారైగా ఉన్న సోదరుడికి ఆ రెండో దారి లేదు. అతని వాటా మీద కొనేవాడు కోయాల్సిన టీడీఎస్ కూడా ఇక్కడివాళ్ల కన్నా చాలా ఎక్కువ. అతను అక్కడి భారత ఎంబసీలోనో కాన్సులేట్‌లోనో చేయించి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంప్ డ్యూటీ కట్టాలి. ఇవన్నీ బేరం కుదిరాక మొదలుపెడితే, ఆలస్యమైందని కొనేవాడు ఇంకో రెండు లక్షలు తగ్గించమంటాడు.

వీటన్నిటికీ కావాల్సింది ఒక తెల్లకాగితం. ఇల్లు అమ్మకానికి పెట్టిన రోజే దాని మీద నాలుగు విషయాలు రాసుకోవాలి: చెప్పే ధర, ఇంతకన్నా దిగకూడదనే ధర, బేరాలు రాకపోతే మళ్లీ కూర్చుని రేటు మార్చే తేదీ, బ్రోకర్లతో మాట్లాడే ఒక్క మనిషి. కింద వారసులందరి సంతకాలు ఉండాలి. అమ్మీ సంతకం, ఆడపిల్లల సంతకాలు కూడా. ఆ తేదీ వచ్చిన రోజు చెల్లెలు నోరు తెరిచి అడగాల్సిన పని ఉండదు, కాగితమే అడుగుతుంది.