‘సాధ్యమైనంత వరకు’ మందు సరిపోదు

రాత్రి అన్నం తిని పడుకోబోయే ముందు ఒక మాత్ర. హెచ్‌ఐవీతో బతుకుతున్న లక్షలాది మందికి ప్రాణాధారం అదే. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి కరోనా లాక్‌డౌన్ ప్రకటించి, అర్ధరాత్రికల్లా దేశాన్ని మూసేశారు. ఇంట్లో సరుకులేమున్నాయని అందరూ డబ్బాలు వెతుక్కున్న ఆ రాత్రి, వీళ్లు సీసాలో మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకున్నారు.

వీళ్లేమీ పిడికెడు మంది కాదు. 2019 అంచనాల ప్రకారం దేశంలో దాదాపు 23.5 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. వారిలో ఆంధ్రప్రదేశ్‌లో 3.14 లక్షలు, తెలంగాణలో 1.58 లక్షల మంది. మాత్ర రోజూ పడితే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా అణగిపోతుంది, లైంగికంగా మరొకరికి సోకదు. తరచూ తప్పితే వైరస్ మందుకు మొండికేస్తుంది. అప్పుడు ఖరీదైన రెండో వరుస మందులకు మారాలి. బీపీ మాత్ర రెండు రోజులు మరిచిపోవడం లాంటిది కాదిది.

మందు ఉచితమే. 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ (యాంటీ రెట్రోవైరల్ థెరపీ) కేంద్రాల్లో ఇస్తూనే ఉన్నారు. చిక్కంతా అక్కడికి చేరడంలోనే. దగ్గరి కేంద్రంలో తెలిసినవాళ్లు చూస్తారన్న భయంతో పక్క జిల్లాకు వెళ్లేవాళ్లున్నారు. బస్సులోనే సీసా మీది కాగితం గీకేసి, మాత్రలను వేరే డబ్బాలోకి మార్చుకుని ఇంటికి చేరేవాళ్లున్నారు. బస్సులు ఆగిపోయిన రోజున ఆ దూరమే వాళ్ల గొంతు మీద కత్తయింది. చెక్‌పోస్టు దగ్గర పోలీసు అడిగే ‘ఎక్కడికి? ఏం జబ్బు? చీటీ చూపించు’ అన్న మాటకు నలుగురి ముందు ఏమని బదులివ్వాలి? కోర్టు ఆదేశం లేనిదే హెచ్‌ఐవీ ఉన్నట్టు చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. లాఠీ ముందు ఆ చట్టం గుర్తుకొచ్చేదెవరికి?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వమని చెప్పడం మంచి నిర్ణయం. కౌన్సెలర్లు, పాజిటివ్ వ్యక్తుల సంఘాల కార్యకర్తలు బండ్ల మీద తిరిగి ఇళ్లకు మందులు చేర్చారు. వారికి సమాజం రుణపడి ఉంది. అయితే చికిత్సతో ఆరోగ్యం స్థిరంగా ఉన్నవారికి మూడు నుంచి ఆరు నెలల మందు ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. దాన్ని ముందే అందరికీ వర్తింపజేసి ఉంటే ఆ పరుగులు అంతగా అవసరమయ్యేవే కావు.

నెలనెలా రప్పిస్తేనే మందు సరిగా వేసుకుంటున్నారో లేదో తెలుస్తుందన్న వాదన ఉంది. పర్యవేక్షణ అవసరమే. అది వైరల్ లోడ్ పరీక్షతో, ఫోన్ పలకరింపుతో జరగాలి. కూలి పోగొట్టుకుని వరుసలో నిలబడితే జరిగేది కాదు.

లాక్‌డౌన్‌తో పాఠం నేర్చుకున్నామా? 2022 జూలైలో మందుల కొరత మీద పాజిటివ్ వ్యక్తులు ఢిల్లీలో ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం ముందే బైఠాయించాల్సి వచ్చింది. అప్పుడు రోడ్లు తెరిచే ఉన్నాయి, బస్సులు నడుస్తూనే ఉన్నాయి. కాబట్టి నేరాన్ని మహమ్మారి మీదికి నెట్టలేం. మూలం ఆ 2017 చట్టంలోనే ఉంది. ఏఆర్‌టీ మందులను ‘సాధ్యమైనంత వరకు’ అందించాలని 14వ సెక్షన్ అంటోంది. ఈ రెండు మాటల సందులోంచే బాధ్యత జారిపోతోంది.

పార్లమెంటు ఆ మాటల్ని కొట్టివేయాలి. స్థిరంగా ఉన్న ప్రతి ఒక్కరి చేతిలో ఎప్పుడూ మూడు నెలల మందు ఉండటం హక్కు కావాలి. ఏ రాష్ట్రంలో చిక్కుకున్నా దగ్గరి కేంద్రంలో అడ్డుచెప్పకుండా ఇవ్వాలి. విపత్తు వేళ ఇచ్చే పాసుల్లో ‘అత్యవసర వైద్యం’ అన్న మాట చాలు, జబ్బు పేరు అడగకూడదు. ఇంటికి మందు చేర్చేది ఊరందరికీ తెలిసిన మనిషా, గుట్టు కాపాడే కౌన్సెలరా అన్నది రోగే తేల్చుకోవాలి.

వైరస్ ‘సాధ్యమైనంత వరకు’ పెరగదు, మందు ఆగితే పెరిగి తీరుతుంది. సర్కారు హామీ కూడా అంత కచ్చితంగా ఉండాలి.