చూడనేర్చిన చూపు

మేడ్చల్ నుండి సికిందరాబాదునకు పోవు రైలుమార్గములో బొల్లారము, అల్వాలు దాటిన పిమ్మట అమ్ముగూడ అను చిన్న స్టేషను కలదు. ఆ దారిని నిత్యము చదువులకు పోవు విద్యార్థులలో మెస్సీ పేరు వినని వాడు అరుదు; తులసీదాసు బలరాం పేరు విన్నవాడును అంతే అరుదు. ఆ అమ్ముగూడ బిడ్డయే బలరాం. 1956లో మెల్బోర్న్, 1960లో రోమ్ ఒలింపిక్సులకు వెళ్ళిన భారత ఫుట్‌బాల్ జట్లలో ఆతడు ఉండెను. రోమ్‌లో హంగెరీ మీదను, పెరూ మీదను గోళ్ళు చేసెను. 2023 ఫిబ్రవరిలో ఆతడు కన్నుమూసినపుడు, ఆతడు పుట్టిన ప్రాంతపు పాఠశాలలలో ఎన్నింట ఆ పేరు తలచికొన్నారో ఉపాధ్యాయులే చెప్పవలెను.

2022 డిసెంబరులో కతార్ దేశమున అర్జెంటీనా ప్రపంచకప్పు గెలిచిన నాటినుండి ఈ ఆటకు మన పల్లెలలోను క్రొత్త అభిమానులు పుట్టుచున్నారు. శామీర్‌పేట చెరువుగట్టు మీద నడచు కుర్రవాని వీపుపై పదియవ నంబరు చొక్కా కానవచ్చుట నేడు వింత కాదు. ఇది సంతోషింపదగినదే. కాని చొక్కా తొడిగినంత మాత్రమున అభిమాని కాడు. గోలు పడినపుడు కేక వేయుట ఎవ్వరికైనను చేతనగును. తొంబది నిమిషముల ఆటలో గోలు పడునది ఒకటి రెండు పర్యాయములే. ఒక్కొక్కప్పుడు అదియును లేదు. మిగిలిన కాలమంతయు ఏమి చూడవలెనో తెలియుటయే అభిమానము.

పద్యము విను బాలుడు మొదట నడకనే వినును. తరువాత పదమును, ఆ తరువాత భావమును పట్టుకొనును. ఆటయు అట్టిదే. క్రొత్తవాడు బంతినే చూచును. కొన్నాళ్ళకు బంతి లేని ఆటగాడు ఎటు పరుగెత్తుచున్నాడో చూచును. ఆఫ్‌సైడు నియమము ఆతనికి తొలుత చిక్కుముడిగా తోచును. తనవాడు బంతిని తన్నిన క్షణమున, ఎదుటిపక్షపు అరమైదానములో నున్న ఆటగాడు బంతికంటెను, ఎదుటివారి చివరినుండి రెండవ వానికంటెను గోలుగీతకు దగ్గరగా నిలిచి ఆటలో పాల్గొనరాదు. అనగా గోలువద్ద ముందుగా పోయి కాచుకొని కూర్చుండుటకు వీలులేదు. ఈ ఒక్క నియమము బోధపడిన నాడు మైదానమంతయు ఆతనికి క్రొత్తగా కనబడును.

ఈ చూపును నేర్పుట ఉపాధ్యాయుని పని యనుటకు హైదరాబాదులోనే సాక్ష్యము కలదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియా క్రీడల స్వర్ణము పొందినది. మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచినది. జకార్తా విజయము నాటికే ఆయన వ్యాధిగ్రస్తుడు. మరుసటి సంవత్సరమే మరణించెను. రెండవ కాలికి పదును రావలెనని, వాటము లేని కాలితోనే ఆడవలెనను నిబంధనతో పోటీలు పెట్టించినవాడాయన. తరగతిలో వెనుకబడిన విద్యార్థిని ముందుకు తెచ్చు పంతులు నేర్పు అదియే కదా!

అభిమానమునకు వేరు ఉండవలెను. హైదరాబాదు ఎఫ్.సి. జట్టు 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచినపుడు నగరము పొంగినది. 2025లో ఆ సంస్థ ఢిల్లీకి తరలి పేరే మార్చుకొన్నది. పెట్టుబడితో వచ్చిన జట్టు పెట్టుబడితో పోవచ్చును. బడి ఆవరణలో పుట్టిన జట్టు ఎక్కడికి పోవును? ఆవరణయే పోయిననే అది పోవును. ప్లాట్ల రాళ్ళు వేగముగా లేచుచున్న ఈ ప్రాంతమున భయపడవలసినది దానికే.

హకీంపేటలో ప్రభుత్వ క్రీడాపాఠశాల కలదు. అది ఎంపికైన కొందరికి మాత్రమే. ప్రతి బడికిని కావలసినది అంత పెద్ద ఏర్పాటు కాదు: చదును చేసిన నేల, ఒక బంతి, వారమున కొకసాయంకాలము, ప్రక్కన నిలిచి "బంతిని కాదు, అటు చూడు" అని చెప్పగల ఒక పంతులు. ఆడలేని పిల్లవాడు కూడ అక్కడ చూచుట నేర్చును. ఎదుటివాని మంచి ఆటకు చప్పట్లు కొట్టుట నేర్చును. ఓటమితో ఇంటికి పోయి, మరునాడు మరల మైదానమునకు వచ్చుట నేర్చును. అర్ధరాత్రి వరకు మేలుకొని దూరదేశపు ఆట చూచు ఆ కుర్రవాని కన్నులకు, అమ్ముగూడ స్టేషను పేరుపలకయు ఒకనాడు అర్థవంతముగ తోచవలెను.