పుట్టగొడుగు తింటే జ్ఞానం వస్తుందా?

మా పెద్దనాన్న కొడుకు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. పోయిన ఏడాది స్నేహితులతో కలిసి కొడైకెనాల్ పోయి వచ్చాడు. ఉగాదికి ఊరికి వచ్చినప్పుడు నన్ను మిద్దె మీద కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పాడు. "పాపా, నాకు జ్ఞానోదయం అయింది. చెట్టు వేరు, నేను వేరు కాదని కళ్ళారా చూసినా. 'నేను' అనేదే లేకుండా పోయింది. ఇరవై ఏళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటే వచ్చేది నాకు ఆరు గంటల్లో వచ్చింది." ఎట్లా అని అడిగితే, అక్కడ దొరికే ఒక పుట్టగొడుగు తిన్నామన్నాడు. నువ్వు కాలేజీలో చేరినాక నిన్ను కూడా పిలుచుకుపోతా అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ రాత్రి నాకు ఆశ పుట్టింది. ఇంత చదివి, ఇన్ని పరీక్షలు రాసినా తెలియనిది ఒక్క పూటలో తెలిసిపోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? ఆ తరువాత ఈ విషయం గురించి దొరికినదంతా చదివాను. చదివిన కొద్దీ అన్న మాట తప్పనిపించింది. ఈ వ్యాసం అన్నను అడిగే రాస్తున్నాను. "రాసుకో, కానీ నా వాదనను వంకర చేసి రాయొద్దు" అన్నాడు. అందుకని ముందు ఆయన వాదనే చెబుతాను.

అన్న చెప్పేవి మూడు మాటలు. మొదటిది, ఇది మన ఋషుల దారే. వేదంలో సోమరసం ఉంది, పతంజలి కూడా ఓషధి గురించి చెప్పాడు. రెండోది, ఇది మూఢనమ్మకం కాదు, అమెరికా విశ్వవిద్యాలయాలు పరిశోధించి ఒప్పుకున్న సంగతి. మూడోది, ధ్యానం నడక దారి అయితే ఇది బస్సు, చేరే ఊరు ఒకటే అయినప్పుడు బస్సు ఎక్కితే తప్పేమిటి?

మొదటి మాట చూద్దాం. ఋగ్వేదం తొమ్మిదో మండలం మొత్తం సోముడి గురించే, అది నిజం. కానీ ఆ సోమలత ఏ మొక్కో ఈ రోజుకీ పండితులు తేల్చలేదు. గోర్డన్ వాసన్ అనే అమెరికా ఆయన అది ఒక రకం ఎర్ర పుట్టగొడుగు అని 1968లో పుస్తకం రాశాడు. చాలామంది ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన పుట్టగొడుగు కూడా కొడైకెనాల్‌లో అన్న తిన్న రకం కాదు. ఏ మొక్కో తెలియని సోమాన్ని చూపించి, తెలిసిన మత్తును సమర్థించుకోవడం ఏం న్యాయం?

పతంజలి మాట కోసం మా తెలుగు సార్ దగ్గర యోగసూత్రాల పుస్తకం అడిగి తీసుకున్నాను. అన్న చెప్పింది అబద్ధం కాదు. నాలుగో పాదం మొదటి సూత్రంలోనే ఉంది. సిద్ధులు ఐదు విధాలుగా వస్తాయట: పుట్టుకతో, ఓషధితో, మంత్రంతో, తపస్సుతో, సమాధితో. కానీ అన్న ఆ ఒక్క సూత్రం చదివి పుస్తకం మూసేసినట్టున్నాడు. దానికి ముందు ఉన్న మూడో పాదంలో ఆ సిద్ధులే సమాధికి అడ్డంకులని పతంజలి చెప్పాడు. లోకం దృష్టిలో అవి గొప్ప శక్తులు, సాధకుడికి మాత్రం ఆటంకాలు. అంటే ఓషధి తింటే వింతలు కనిపించవచ్చునని ఒప్పుకున్న మనిషే, ఆ వింతల దగ్గర ఆగిపోవద్దని కూడా చెప్పాడు. బుద్ధుడు గృహస్థులకు చెప్పిన పంచశీలాల్లో ఐదోది మత్తు ముట్టుకోవద్దని. ధ్యానం నేర్పిన మనిషే ఆ నియమం పెట్టాడు, ఎందుకంటే మత్తులో ఎరుక పోతుంది.

ఇక రెండో మాట, పరిశోధన. ఆ పుట్టగొడుగులో ఉండే పదార్థం పేరు సైలోసిబిన్. స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1958లో దాన్ని విడదీశాడు. 1938లో ఎల్‌ఎస్‌డి తయారు చేసింది కూడా ఆయనే. ఒంట్లోకి పోయాక సైలోసిబిన్ మారి, మెదడులో సెరటోనిన్ పట్టుకోవలసిన చోటును తాను పట్టుకుంటుంది. అప్పుడు రంగులు మారతాయి, కాలం సాగుతుంది, 'నేను' అనే గీత చెరిగినట్టు ఉంటుంది. అన్న చూసింది ఉత్త కల్పన అని నేను అనను. అది జరుగుతుంది.

1962 గుడ్‌ఫ్రైడే రోజున బోస్టన్ విశ్వవిద్యాలయపు చర్చిలో ఒక ప్రయోగం చేశారు. మతశాస్త్రం చదివే 20 మంది విద్యార్థుల్లో పది మందికి సైలోసిబిన్, పది మందికి వేరే మాత్ర ఇచ్చారు. సైలోసిబిన్ తీసుకున్న వాళ్ళలో ఎక్కువమంది దైవానుభవం కలిగిందని చెప్పారు. ఈ కథ అన్న నాకు ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. చెప్పనిది ఒకటుంది, బహుశా ఆయనకు కూడా తెలియదు. ఆ పది మందిలో ఒకరు అదుపు తప్పితే పట్టుకుని శాంతపరిచే సూది వేయాల్సి వచ్చింది. మొదటి నివేదికలో ఆ సంగతి రాయలేదు. దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత ఇంకొక పరిశోధకుడు ఆ విద్యార్థులను వెతికి మాట్లాడితే బయటపడింది. మంచి అనుభవాలే ప్రచారమవుతాయి, సూది వేయించుకున్నవాడి కథ దాగిపోతుంది. కొడైకెనాల్ పోయి వచ్చినవాళ్ళు చెప్పే కథలు కూడా ఇట్లాంటివే కదా?

ఈ మధ్య పరిశోధనలు మళ్ళీ మొదలైన మాట నిజమే. మందులకు లొంగని మానసిక కుంగుబాటుకు అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు సైలోసిబిన్ ఇవ్వవచ్చునని ఆస్ట్రేలియా 2023లో ఒప్పుకుంది. రోగికి మేలు జరిగితే నాకు సంతోషమే. కానీ అక్కడ ఏం చేస్తారో చూడండి. మనిషిని ముందు పరీక్షిస్తారు. ఇంట్లో ఎవరికైనా మతి చలించే జబ్బు ఉంటే పరిశోధనల్లోకి సాధారణంగా తీసుకోరు. కొలిచి ఇస్తారు. పక్కన మనిషి కూర్చుంటాడు. తరువాత రోజుల తరబడి మాట్లాడతారు. అన్న వాళ్ళు అద్దె గదిలో ఉండింది నలుగురు, ఆ నలుగురూ తిన్నవాళ్ళే. ఎవరికైనా ఏమైనా అయితే డాక్టరును పిలిచే స్పృహ కూడా ఎవరికీ లేదు. అడవి పుట్టగొడుగుల్లో ప్రాణం తీసేవి కూడా ఉంటాయి, చూపుకు ఒకేలా ఉంటాయి. పైగా 1985 మాదకద్రవ్యాల చట్టం ప్రకారం సైలోసిబిన్ నిషిద్ధం. ఆస్పత్రిలో జరిగే వైద్యాన్ని చూపించి లాడ్జి గదిలో చేసిన పనిని శాస్త్రం అనడం సరి కాదు.

ఇక్కడ మెక్సికో దేశపు ఒక ముసలమ్మ గురించి చెప్పాలి. ఆమె పేరు మరియా సబీనా. వహాకా రాష్ట్రంలో కొండ మీది ఊరు ఆమెది, మజటెక్ అనే ఆదివాసి జాతి. ఆ పుట్టగొడుగులు వాళ్ళకు తరతరాలుగా తెలుసు. ఆమె రాత్రి పూట పాటలు పాడుతూ రోగుల కోసం వాటిని వాడేది. సోమం గురించి చెప్పాను కదా, ఆ వాసన్ 1955లో ఆమె దగ్గరికి పోయి తిన్నాడు. 1957లో లైఫ్ పత్రికలో రాశాడు. అంతే, దేవుణ్ణి చూపించమని విదేశీ యువకులు గుంపులు గుంపులుగా ఆ ఊరికి వచ్చి పడ్డారు. ఊరి ప్రశాంతత పోయింది, పోలీసులు వచ్చారు, ఆమె ఇల్లు తగలబెట్టారు. 1985లో పేదరాలిగానే చనిపోయింది. వీళ్ళు రాకముందు దేవుణ్ణి వెతకడానికి ఎవరూ వాటిని తినలేదని, జబ్బు నయం కావడానికే తిన్నారని ఆమె చివరి రోజుల్లో బాధపడింది. ఎవరి పుట్టగొడుగు అని మనం మాట్లాడుతున్నామో, వాళ్ళే దాన్ని ఇతరుల జబ్బు కోసం వాడారు. తనకు ఒక వింత అనుభవం కావాలని తిన్నది బయటి నుంచి వచ్చినవాళ్ళు. ఇందులో అన్న ఎవరి వైపు ఉన్నాడో ఆయనే ఆలోచించుకోవాలి.

మూడో మాట, బస్సు. ఈ బస్సు ఊరు చేర్చదు, ఊరు చూపించి మళ్ళీ ఎక్కిన చోటే దింపుతుంది. ఇది నా మాట కాదు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన రిచర్డ్ ఆల్పర్ట్ ఈ మత్తులను ఏళ్ళ తరబడి తీసుకున్నాడు. 1963లో ఉద్యోగం కూడా పోయింది. ఎన్నిసార్లు పైకి పోయినా మళ్ళీ దిగిపోతున్నానని విసిగి 1967లో మన దేశానికి వచ్చాడు. ఇక్కడ నీమ్ కరోలీ బాబా శిష్యుడై రామ్ దాస్ అనే పేరుతో తిరిగిపోయాడు. బస్సులో అన్నిసార్లు తిరిగినవాడే చివరికి నడక నేర్పేవాణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు.

అంత దూరం ఎందుకు? తిరువణ్ణామలైకి మా హోసూరు నుంచి కృష్ణగిరి మీదుగా బస్సులో పోవచ్చు, పౌర్ణమికి గిరిప్రదక్షిణ చేయడానికి మా వీధివాళ్ళు పోతుంటారు. రమణ మహర్షికి మదురైలో మరణానుభవం కలిగింది 1896లో. అప్పుడు ఆయన వయసు 16, నాకంటే ఒక్క ఏడాది ఎక్కువ. ఏ మందూ తినలేదు. చావు భయం వేస్తే, చచ్చేది ఎవరు అని తనలో తాను వెతుక్కున్నాడు. అందరికీ అట్లా జరుగుతుందని నేను చెప్పడం లేదు, ఇల్లు వదిలి పొమ్మని అసలే చెప్పడం లేదు. నేను చూసేది ఆ తరువాతి సంగతి. ఆశ్రమంలో తెల్లవారక ముందే లేచి వంటింట్లో కూరగాయలు తరిగేవాడు. తన ఆకులో అందరికంటే ఎక్కువ వడ్డిస్తే ఒప్పుకునేవాడు కాదు. 1950లో కన్నుమూసే దాకా ఎవరు వచ్చినా చూడనిచ్చాడు. 'నేను' పోయిందంటే ఎట్లా ఉంటుందో ఆ వంటింట్లో కనబడుతుంది.

అన్న ఉగాదికి వచ్చిన మాట చెప్పాను కదా. ఆ రోజు కొళాయిలో నీళ్ళు వచ్చాయి. మా పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి. అయినా బిందెలు మోస్తూ మెట్లు ఎక్కుతూ ఉంది. అన్న మిద్దె మీద కూర్చుని, అంతా ఒక్కటేనని నాకు బోధిస్తున్నాడు. నేను కూడా కూర్చుని వింటున్నాను, నా తప్పు కూడా ఉంది. కింద నుంచి మా అవ్వ అరిచింది. "ఏమిరా, చెట్టూ నువ్వూ ఒకటే అంటివే, మీ అమ్మ మోకాలూ నీ మోకాలూ ఒకటి కాదా?"

అన్న నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. ఈ ఆరు నెలలు చదివిన పుస్తకాలన్నీ ఒకవైపు పెట్టినా, అవ్వ అడిగిన ప్రశ్నకు అన్న వాదనలో జవాబు దొరకలేదు. ఏం కనిపించిందని కాదు, కనిపించాక నువ్వు ఎట్లా మారావని అడగాలి. అనుభవం మర్నాటికి జ్ఞాపకమైపోతుంది. నడవడి అయితేనే అది జ్ఞానం.

పెద్దవాళ్ళకు కూడా ఒక మాట చెప్పాలి. ప్రతి ఏటా మమ్మల్ని మైదానంలో నిలబెట్టి మత్తు ముట్టమని ప్రతిజ్ఞ చేయిస్తారు. చేయి చాచి చెబుతాం, తరువాత మరిచిపోతాం. అన్న కూడా తన బడిలో ఆ ప్రతిజ్ఞ చేసినవాడే. ఎవరూ ఆయనతో కూర్చుని మాట్లాడలేదు. పాపం, నేరం అని రెండు మాటలతో ముగించారు. అన్న వెతికింది మత్తు కాదు. రాత్రి పదకొండు దాకా ఉద్యోగం, అద్దె గది, పలకరించే మనిషి లేడు. ఈ బతుకుకు అర్థమేమిటని వెతికాడు. ఆ ప్రశ్న మంచిది, వెతికిన చోటు తప్పు. మా వయసులో ఆ ప్రశ్న అడిగితే "ముందు మార్కులు తెచ్చుకో" అంటారు. ఇంట్లో జవాబు చెప్పని ప్రశ్నకు లాడ్జి గదిలో జవాబు అమ్ముతారు. ధ్యానాన్ని కూడా వేల రూపాయలకు అమ్మి, రెండు రోజుల్లో మనశ్శాంతి గ్యారంటీ అనే వాళ్ళు ఉన్నారు. వాళ్ళకూ పుట్టగొడుగు అమ్మేవాడికీ నాకు పెద్ద తేడా కనిపించడం లేదు. ఇద్దరూ అమ్మేది తొందరే.

అన్నా, ఇది చదివి నాతో పోట్లాడు, నేను సిద్ధం. పరీక్షలు అయినాక నన్ను కొడైకెనాల్ పిలుచుకుపో, వస్తాను. ఆ సరస్సు, ఆ మంచు నేను చూడలేదు. పుట్టగొడుగు మాత్రం వద్దు. పెద్దమ్మను కూడా పిలుచుకుపోదాం. ఆమె జీవితంలో చూసిన కొండ తిరుపతి ఒక్కటే.