రాజధానిలో త్రోవ దొరకని పౌరుడు

ఒక నగరముయొక్క గొప్పతనమును దాని మేడలను జూచి నిర్ణయించువారు కొందరు. అచటి వ్యాపారమును జూచి నిర్ణయించువారు మఱికొందరు. మేము వేఱొక కొలతను ప్రతిపాదించుచున్నాము. చేత సంచియు, జేబులో చిరునామా చీటియు పెట్టుకొని మొదటిసారి దిగిన పరవూరి మనుష్యుడు ఎవరి దయకును కాచుకొనక, ఎవరిచేతను మోసపోక, తాను పోవలసిన చోటికి పోగలుగుచున్నాడా? పోగలిగినచో అది నగరము. లేనిచో వట్టి మేడల గుంపు. ఈ కొలతతో జూచినపుడు మన రాజధానియగు హైదరాబాదు ఇంకను నెగ్గలేదని చెప్పక తప్పదు. ఈ మాటను ద్వేషముచే చెప్పుట లేదు; అది మన నగరమను హక్కుచే చెప్పుచున్నాము.

గోలేటి బొగ్గునకు త్రోవ తెలియును. గోలేటి మనుష్యునికి తెలియదు. సింగరేణి గనులలో త్రవ్విన బొగ్గు ఎవరిని అడుగకయే పట్టాలమీదుగా విద్యుత్కేంద్రములకు చేరుచున్నది. రామగుండములోని ఎన్.టి.పి.సి. కేంద్రమునను, జైపూరులో సింగరేణి సంస్థయే నడుపుచున్న 1200 మెగావాట్ల కేంద్రమునను అది మండి, వెలుగై, తీగలవెంట దూరదూరముల దీపములను వెలిగించుచున్నది. ముప్పది యేండ్లు గనిలో దిగి ఎక్కిన కార్మికుడు రెబ్బెన వద్దనున్న ఆసిఫాబాద్ రోడ్ స్టేషనులో రైలెక్కి, దాదాపు మూడువందల కిలోమీటర్లు ప్రయాణించి సికింద్రాబాదులో దిగునప్పటికి, అంతటి వెలుగులోను అతనికి కావలసిన నాలుగక్షరములు మాత్రము కానరావు.

చార్మినారును, గోలకొండను చూడవచ్చినవాడు త్రోవ తప్పినను నష్టము లేదు. అదియు నొక వినోదమే. మన ప్రాంతమువారి పనులు అట్టివి కావు. ఒకరు నిమ్స్ ఆసుపత్రికి పోవలెను. ఒకరు హైకోర్టున వకీలును కలిసికొనవలెను. ఒకరు రెడ్‌హిల్సులోని సింగరేణి భవనమునకు అర్జీ కొనిపోవలెను. ఒక పిల్లవాడు ఉద్యోగపు పరీక్ష వ్రాయవలెను. ద్వారము మూసిన పిమ్మట అతని మొఱ వినువాడుండడు. వీరిలో ఎవరును ఒక పూటనైనను పోగొట్టుకొనలేరు. త్రోవ తప్పుట వీరికి వాయిదా తప్పుట, వైద్యము తప్పుట, ఒక సంవత్సరము తప్పుట.

మొదటి చిక్కు పేర్లతో వచ్చుచున్నది. రైలు టికెట్టుపై “హైదరాబాద్ డెక్కన్” అని యుండును. ఊరివారికి అది నాంపల్లి. మహాత్మాగాంధీ బస్ స్టేషనును ఒకరు ఎం.జి.బి.ఎస్. అందురు, ఒకరు ఇమ్లీబన్ అందురు. మూడును ఒకటేయని క్రొత్తవానికి చెప్పువారెవరు? జూబ్లీ బస్ స్టేషను సికింద్రాబాదులో నున్నది, జూబ్లీహిల్సు నగరమునకు పడమట నున్నది. “జూబ్లీ” యను ఒక్క మాట పట్టుకొని బయలుదేరినవాని గతి యేమి? గాంధీ ఆసుపత్రి 2003లో సికింద్రాబాదు స్టేషను దాపునుండి ముషీరాబాదునకు తరలిపోయినది. ఇరువదియేండ్లు గడచినను పాతచోటికి “పాత గాంధీ” యను పేరు నిలిచియే యున్నది. తండ్రిని మోసికొని వచ్చిన కొడుకు ఏ గాంధీయొద్ద దిగవలెను?

పూర్వపు రైల్వేవారు ఈ విషయమున కొంత నిజాయితీ చూపిరి. ఊరు స్టేషనునకు దూరముగా నున్నచో పేరు చివర “రోడ్” అని చేర్చిరి. ఆసిఫాబాద్ రోడ్‌లో దిగినవాడు ఆసిఫాబాదు ఇంకను దూరమున్నదని ఆ మాటచేతనే గ్రహించును. ఒక్క మాటతో బాటసారిని హెచ్చరించు నేర్పు ఆనాటివారి కుండగా, ఇన్ని యంత్రములున్న నేటివారికి లేకపోవుట వింత గాదా?

నగరములో మంచి యేదియు లేదని మేమనుట లేదు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైనది. నేడు ఆర్టీసీ బస్సు పోని పేట అరుదు. 2017 నవంబరులో మెట్రో రైలు నడక మొదలిడినది; 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషనునుండి ఎం.జి.బి.ఎస్.కు మూడవ మార్గము తెఱచిరి. మూడును గలిపి 69 కిలోమీటర్లు. మెట్రోలో స్టేషను పేరు తెలుగున వ్రాసియుండును, తెలుగున వినిపించును, ఛార్జీ ముందే తెలియును, బేరమాడువాడుండడు. క్రొత్తవానిని మనుష్యునిగా జూచు వాహనము రాజధానిలో ఏదైన నున్నచో అది ఇదియే. ఇది సాధ్యమని మెట్రోవారే ఋజువు చేసినపుడు తక్కినచోట్ల ఏల సాధ్యము కాదు?

కాని అక్కడను లోపము లేకపోలేదు. సికింద్రాబాదు పేరిట రెండు మెట్రో స్టేషనులున్నవి; తూర్పు స్టేషను నీలి మార్గమున, పడమటి స్టేషను ఆకుపచ్చ మార్గమున. రైలు దిగినవానికి తూర్పేదో పడమరేదో సూర్యుడు చెప్పవలసినదేనా? అంతకంటె పెద్ద తికమక మఱొకటి. నగరపు బస్సులలో ఒక తరగతికి “మెట్రో ఎక్స్‌ప్రెస్” అని పేరు. “మెట్రో ఎక్కుము” అని బంధువు ఫోనులో చెప్పగా, ఆ బస్సెక్కినవారు ఎందరో! 2023 డిసెంబరు 9 నుండి ఈ బస్సులలో స్త్రీలకు టికెట్టు సొమ్ములేని ప్రయాణము కలదు. మెట్రో రైలులో లేదు. బస్సునను గుర్తింపు కార్డు చూపవలెను. ఊరినుండి కార్డు తేకుండ వచ్చిన ముదుసలికి ఈ నియమము కండక్టరు మందలించినపుడే తెలియుచున్నది.

బస్సుల నంబర్లు సంగతి చెప్పనక్కరలేదు. 5కె యు, 49ఎం యు రెండును సికింద్రాబాదునుండి మెహిదీపట్నమునకే పోవును. కాని త్రోవలు వేఱు. నడుమ దిగవలసినవానికి ఏది ఎటు పోవునో తెలియదు. బస్సు నిలుచు చోట్ల నగల దుకాణముల ప్రకటనలు నిలువెత్తు. ఆ చోటి పేరు జానెడు. ప్రకటనకు సొమ్ము వచ్చును, పేరునకు రాదు. కనుకనే ఈ తారతమ్యమని మా యభిప్రాయము.

ఇక ఆటోల విషయము. 2014లో ప్రభుత్వమువారు హైదరాబాదు ఆటోలకు మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, పిమ్మట కిలోమీటరునకు 11 రూపాయలు అని రేటు కట్టిరి. ఆ రేటుకు ఆటో దొరికినదని చెప్పు క్రొత్తవానిని మేమెన్నడును చూడలేదు. మాట తీరును, సంచిని, చెప్పులను జూచి ధర నిర్ణయింపబడుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 178వ సెక్షను ప్రకారము ప్రయాణికుని ఎక్కించుకొన నిరాకరించుట నేరమే; కాని మూడు చక్రముల బండివానికి విధింపదగిన జరిమానా 50 రూపాయలకు మించదు. ఒక్క బేరములో అంతకు రెండింతలు వచ్చుచుండగా ఈ శిక్షకు భయపడువాడెవడు?

అయినను ఆటోవానినే దొంగయని తిట్టి చేతులు కడుగుకొనుట మాకు సమ్మతము గాదు. ఆటో నడుపువారిలో అనేకులు మనవంటి జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై పోయినవారే. ఇంధనపు ధర ఎన్నిసార్లు పెరిగినను మీటరు రేటును ఏండ్ల తరబడి కదపనిది ప్రభుత్వము. న్యాయమైన రేటు లేనిచోట మీటరు అబద్ధమగును. మీటరు అబద్ధమైనచోట బలహీనుడు నష్టపడును. ఇరుపక్షముల బీదవారిని ఒకరిమీదికొకరిని ఉసికొల్పి, అధికారులు మేడమీదనుండి చూచుచున్నారు.

“ఫోనులో అన్నియు నున్నవి గదా, అందరును చూచుకొనవచ్చును” అని పట్టణపు విద్యావంతులు సెలవిత్తురు. ఫోనువలన పడుచువారికి మేలు కలిగినమాట నిజమే. బండి ధర ముందుగా తెలియుట సామాన్యమైన ఉపకారము గాదు. కాని అరువదియేండ్లు దాటిన కార్మికునికి, అక్షరము రాని అతని భార్యకు, బ్యాటరీ అయిపోయిన పరీక్షార్థికి ఈ సలహా ఏమి పనికివచ్చును? ప్రైవేటు కంపెనీల యాప్ లేనిదే పౌరుడు తన రాజధానిలో నడువలేడనుట ప్రభుత్వమునకు గౌరవమా? మఱికొందరు “అడిగినచో ఎవరైనను చెప్పుదురు” అందురు. నోరు మంచిదైన ఊరు మంచిదని పెద్దల మాట. ఒప్పుకొందము. కాని పది నోళ్లు పది దిక్కులు చూపుచున్నపుడు ఊరికొక నోరు వలదా? బోర్డే ఊరి నోరు. అది మూగదైనపుడు బాటసారి మంచితనము ఏమి చేయగలదు?

ఇతర దేశములవారు ఈ చిక్కును ఎట్లు విప్పిరో చూడుడు. లండనులో భూగర్భ రైలు మార్గములు అల్లుకొనిపోయి జనులకు అర్థము కానపుడు, హారీ బెక్ అను చిత్తుపటములు గీయు ఉద్యోగి 1931లో వంకరలన్నిటిని విడిచి, నిలువు, అడ్డ, వాలు గీతలతో ఒక పటము గీసెను. 1933లో అది ప్రజల చేతికి వచ్చినది. మెక్సికో నగరమువారు 1969లో మెట్రో ప్రారంభించునపుడు ప్రతి స్టేషనునకు ఒక బొమ్మ నేర్పరచిరి. చదువురానివాడు బొమ్మను గుర్తుపెట్టుకొని దిగగలడు. ఈ పనులకు సొరంగములు త్రవ్వనక్కరలేదు, వంతెనలు కట్టనక్కరలేదు. క్రొత్తవాని కంటితో ఒక్కసారి చూచుటయే కావలసినది.

కనుక మా కోరికలు స్పష్టముగా చెప్పుచున్నాము. ఒకటి: ఒక చోటికి ఒకే పేరు, అదే పేరు రైలున, బస్సున, మెట్రోన, వీధి బోర్డున ఉండవలెను. పాత పేరు వాడుకలో నున్నచో ప్రక్కన చేర్చవలెను. రెండు: ఆ పేరు తెలుగున, ఉర్దూన పెద్ద అక్షరములతో నుండవలెను. 1966 నాటి అధికార భాషా చట్టము తెలుగునకు ఇచ్చిన స్థానమును, 2017లో రాష్ట్రమంతట రెండవ అధికార భాషయైన ఉర్దూకు కలిగిన స్థానమును కాగితములకే పరిమితము చేయరాదు. మూడు: సికింద్రాబాదు, నాంపల్లి, కాచిగూడ స్టేషనులలోను, రెండు పెద్ద బస్ స్టేషనులలోను రాత్రింబవళ్లు త్రోవ చెప్పు మనుష్యుడు కూర్చుండవలెను; తెల్లవారుజామున నాలుగింట దిగినవానికి మెట్రో దొరకదని మఱువరాదు. తిర్యాణి, కెరమెరి గూడేలనుండి వచ్చు గోండులకు, కొలాములకు తెలుగే రెండవ భాషయనియు జ్ఞాపకముంచుకొనవలెను. వారికి బొమ్మలే మేలు. నాలుగు: ఆటో రేటును న్యాయముగా సవరించి, ఆ పిమ్మట మీటరును కచ్చితముగా అమలు జరుపవలెను; స్టేషను వాకిట ముందు సొమ్ము చెల్లించు ఆటో కౌంటరు ఎల్లవేళల నడువవలెను.

ప్రభుత్వమువారు చేయువఱకు మనము ముడుచుకొని కూర్చుండుటయు తగదు. గోలేటి, బెల్లంపల్లి, మంచిర్యాల, గోదావరిఖనిలోని పఠనమందిరములు, కార్మిక సంఘముల కార్యాలయములు ఒక్కొక్క బోర్డు కట్టవలెను. అందేమి వ్రాయవలెను? నిమ్స్ ఆసుపత్రికి పోవువారు సికింద్రాబాదు తూర్పు మెట్రో స్టేషనున రాయదుర్గము వైపు రైలెక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్.బి.నగర్ వైపు పోయి పంజాగుట్టలోగాని ఎర్రమంజిల్‌లోగాని దిగవలెను. సింగరేణి భవనమునకు పోవువారు అదే రైలులో ముందుకు సాగి లక్డీకాపూల్‌లో దిగవలెను. హైకోర్టునకు పోవువారు సికింద్రాబాదు పడమటి స్టేషనునుండి ఎం.జి.బి.ఎస్. చేరి, మూసీ దాటి పోవలెను. మెట్రో 2020లో అక్కడనే ఆగినది, అవతల బస్సో ఆటోయో కావలెను. స్త్రీలు గుర్తింపు కార్డు మఱువరాదు. ఈ పది పంక్తులు వ్రాయుటకు ఏ జీ.ఓ. కావలెను? ఏ బడ్జెటు కావలెను? మొదటిసారి పోవువాని చేత ఇట్టి చీటి పెట్టి పంపుట రైలు స్టేషనువఱకు సాగనంపుటకంటె ఎక్కువ సాయము.

రాజధాని యొక్కరి సొత్తు గాదు. దానిలో ప్రతి వీధియు మారుమూల గ్రామమువాని పన్నుతోను, మన గనుల బొగ్గుతోను, కూలివాని చెమటతోను నిర్మింపబడినదే. తన యింట తానే తలవాకిలి వెదకుకొనవలసిన దుర్గతి ఏ యజమానికిని రాగూడదు. మేము దానమడుగుట లేదు, దయనడుగుట లేదు; వాకిటిమీద పేరు వ్రాయుమని అడుగుచున్నాము. అది వ్రాయువఱకు అడుగుట మానము.