రాయి మనది.. పేరు దొరది!

వజ్రకరూరు చేలో దొరికింది, మద్రాసు మౌంట్ రోడ్డులో మెరిసింది

తొలకరి పడితే ఎక్కడైనా రైతు ఆకాశం వైపు చూస్తాడు. వజ్రకరూరులో మాత్రం నేల వైపు చూస్తాడు. నాలుగు చినుకులు పడి పైమట్టి కొట్టుకుపోతే చాలు, ఎర్రచేలల్లో జనం వాలిపోతారు. గుంతకల్లు నుంచి, గుత్తి నుంచి, ఉరవకొండ నుంచి, బళ్లారి నుంచి వస్తారు. సద్దిమూట కట్టుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని వస్తారు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా నడుము వంచి, మట్టిబెడ్డ మట్టిబెడ్డా తిప్పి చూస్తారు.

అట్లాంటి చేలో ఒక పెద్దమ్మను అడిగినాను. "ఏమవ్వా, ఎన్నేండ్ల నుంచి ఏరుతాండావు?" అని.

"నా పెండ్లయినప్పట్నుంచి నాయనా."

"ఎప్పుడన్నా దొరికిందా?"

"దొరికింటే ఈడెందుకుంటా?" అని నవ్వింది.

ఆ నవ్వు వెనక నూటనలభై ఏళ్ల కథ ఉంది. ఆ కథ చెప్పడానికే ఈ వ్యాసం. బళ్లో మన పిల్లలకు ఎవరూ చెప్పని కథ. పేరుమోసిన ఒక నగల కంపెనీ కథ. ఆ కంపెనీ కథలో మన జిల్లాది ఒక్క పుటే. ఆ పుటలో మనకు మిగిలింది మాత్రం గుంతలే!

దొరల అంగడి

1840లలో పీటర్ ఆర్ అనే స్కాట్లాండు గడియారాల పనివాడు మద్రాసులో దిగాడు. గడియారాలు బాగుచేస్తూ మొదలుపెట్టాడు. మెల్లగా నగల వ్యాపారంలోకి దిగాడు. అదే 'పి. ఆర్ అండ్ సన్స్'. గవర్నర్లకు, రాజులకు, జమీందార్లకు, సైన్యాధికారులకు అక్కడి నుంచే గడియారాలు, వెండి సామాన్లు, వజ్రాల హారాలు వెళ్లేవి. 1875 చివర్లో వేల్స్ యువరాజు మద్రాసుకు వస్తే ఈ కంపెనీ దశ తిరిగింది. మన దేవుళ్ల బొమ్మలు వెండి మీద, బంగారం మీద ఉబ్బెత్తుగా చెక్కే పనికి 'స్వామి' పని అని పేరుపెట్టి దేశదేశాల్లో అమ్మారు. చెక్కింది మన కంసాలులు. ముద్ర పడింది ఆర్ దొరది.

1879లో మౌంట్ రోడ్డు మీద నాలుగు ముఖాల గడియారంతో పెద్ద భవనం లేపారు. కట్టడానికి నమూనా ఇచ్చింది ఆ కాలపు పేరున్న వాస్తుశిల్పి చిషోమ్. మద్రాసు జనం ఆ గడియారం చూసి టైము సరిచేసుకునేవారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1879 అంటే ఏమిటో సీమ బిడ్డలకు గుర్తుచేయాలి. 1876 నుంచి 1878 దాకా మన నేల మీద నడిచింది ధాత కరువు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. మనం బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి, కర్నూలు, కడప.. దత్త మండలాలన్నీ మలమల మాడిపోయాయి. పసులు చచ్చాయి, మనుషులు చచ్చారు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు పెట్టి విక్టోరియాను చక్రవర్తినిగా చాటాడు. రాజులంతా నగలేసుకుని వరుసకట్టారు. అదే నెలలో ఆయన పంపిన రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాష్ట్రానికొచ్చి, కరువు పనుల్లో మట్టిమోసే మనిషికి రోజుకు పౌను గింజలు చాలని తేల్చాడు. పౌనంటే అరకిలో కూడా కాదు!

మన ఊళ్లలో గంజి కోసం వరసకట్టిన ఏళ్లలోనే మౌంట్ రోడ్డులో గడియారం గోపురం లేచింది. రెండూ ఒకే సర్కారు కింద జరిగినవే. ఒకే పన్నుల ఖజానా కింద జరిగినవే.

1881: గుత్తి తాలూకా, వజ్రకరూరు

కరువు పోయి మూడేళ్లు. 1881లో వజ్రకరూరు నేలలో ఒక రాయి దొరికింది. బరువు సుమారు 67 కేరట్లు. కోడిగుడ్డంత కాకపోయినా మామూలు రాయి కాదది. దక్షిణ దేశంలో ఆ తరం చూసిన మేలైన వజ్రాల్లో ఒకటి. అది నడిచి నడిచి ఎక్కడికి చేరింది? మౌంట్ రోడ్డుకు. పి. ఆర్ అండ్ సన్స్ వాళ్ల చేతికి.

వాళ్లు దాన్ని కోయించారు. సాన పట్టించారు. చివరికి మిగిలింది 24 కేరట్ల పైచిలుకు. అంటే మూడింట రెండు పాళ్లు పొడై పోయింది. కోతలో బరువు పోవడం మామూలే. నగల పనివాళ్లెవరైనా చెబుతారు. రాయిని వాళ్లు పాడుచేశారని నేననడం లేదు. కానీ ఆ మిగిలిన రాయికి వాళ్లు పెట్టిన పేరు చూడండి: 'గోర్-డో-నోర్'.

వినడానికి కోహినూర్‌లాగా పారశీకం పేరులా ఉంది కదూ? ఇప్పుడు గీతలు తీసేసి గబగబా చదవండి. గోర్డోనోర్. గార్డనోర్. గార్డన్ ఆర్! దొరగారి ఇంటిపేరు మన రాయి నెత్తిన కిరీటంలా కూచుంది. ఆ పేరులో వజ్రకరూరు లేదు. గుత్తి లేదు. ఏరిన చెయ్యి లేదు. దున్నిన చేను లేదు.

ఇది వేళాకోళం కాదు మిత్రులారా, ఇది పద్ధతి. ముడిసరుకు మనది, కోత వాళ్లది, పేరు వాళ్లది, లాభం వాళ్లది. శెనక్కాయలకైనా అంతే, ఇనుపరాయికైనా అంతే, వజ్రానికైనా అంతే.

ఒక్క ఆర్ దొరేనా?

లండన్‌లో గారార్డ్ అనే రాచనగల కంపెనీ ఉంది. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిదని చెప్పుకునే కోహినూర్‌ను 1849లో పంజాబు బాలరాజు దులీప్ సింగ్ నుంచి కంపెనీ దొరలు రాయించుకున్నారు. 1852లో ఆ కంపెనీ చూపు కిందే దాన్ని మళ్లీ కోశారు. 186 కేరట్ల రాయి 105 కేరట్లకు దిగింది. కొల్లూరు నేల నుంచే వెళ్లిందంటున్న నీలిరంగు వజ్రాన్ని టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు తీసుకుపోయి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. అది కోతలు పడి పడి హోప్ డైమండ్ అయింది. ప్యారిస్ కార్టియే కంపెనీ చేతులు మారి, న్యూయార్కు హ్యారీ విన్‌స్టన్ చేతికి వచ్చి, 1958లో అమెరికా స్మిత్సోనియన్ మ్యూజియంలోకి చేరింది. ఆ కంపెనీల చరిత్రలు తళతళలాడే పుస్తకాలుగా అచ్చవుతాయి. అందులో రాణులుంటారు, సినిమా తారలుంటారు. కొల్లూరు కూలీ ఉండడు.

2016 ఏప్రిల్‌లో కోహినూర్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు, అది ఎవరూ దొంగిలించింది కాదని కేంద్రం తరఫు వకీలు చెప్పాడు. దేశమంతా భగ్గుమంది. మంచిదే. కానీ కోహినూర్ కోసం గొంతు చించుకున్న మన నాయకుల్లో గోర్-డో-నోర్ పేరు ఒక్కరి నోటైనా వచ్చిందా? రతనాలసీమ అని పొగిడేటప్పుడు మేం కావాలి. రతనాల లెక్క అడిగితే మాత్రం కనబడం!

మద్రాసులో చూడండి. 2013లో మెట్రో పనుల కోసం ఆర్ కంపెనీ పాత భవనం వెనుక భాగం కూల్చితే వారసత్వ ప్రేమికులు కోర్టుకెక్కారు. వాళ్లను తప్పుపట్టను. వాళ్లకు వాళ్ల ఊరి మీద ప్రేముంది. అడిగే నోరుంది. మన వజ్రకరూరు పాతగుంతల కోసం కోర్టుకెక్కేదెవరు?

దొరలు పోయారు, దళారులు వచ్చారు

స్వరాజ్యం వచ్చింది. ఏం మారింది?

భూగర్భ శాస్త్రజ్ఞులు వచ్చారు. నిజానికి 1880లలోనే బ్రూస్ ఫూట్ ఇక్కడి నీలిమట్టి గొట్టాన్ని చూసి రాశాడు. దక్షిణాఫ్రికా కింబర్లీలో వజ్రాలిచ్చిన రాతి జాతే మన కాళ్ల కింద ఉందని తర్వాత తేలింది. సుమారు 110 కోట్ల ఏళ్ల కింద భూమి లోతుల నుంచి పొగగొట్టాల్లా పైకి తన్నుకొచ్చిన రాయి అది. కాలక్రమంలో పైభాగం అరిగి, అందులోని వజ్రాలు చేలల్లో, వంకల్లో చెల్లాచెదురయ్యాయి. వానకు మట్టి కడుక్కుపోతే అవే బయటపడతాయి. వజ్రకరూరు, లత్తవరం, చిగిచెర్ల, కల్యాణదుర్గం, తిమ్మసముద్రం.. ఇట్లా గొట్టం మీద గొట్టం గుర్తించారు. నివేదిక మీద నివేదిక రాశారు. గని మాత్రం తెరవలేదు. దేశంలో యంత్రాలతో నడిచిన వజ్రాల గని అంటే మధ్యప్రదేశ్‌లోని పన్నా పేరే చెబుతారు.

వజ్రం సంగతి వదిలేయండి. బంగారం చూడండి. రామగిరిలో బంగారం గని ఉండేది. తెల్లవాళ్లు తవ్వారు. తర్వాత కోలార్ గనులను నడిపిన కేంద్ర సంస్థే తవ్వింది. 2001లో మూసేశారు. కూలీలు వీధిన పడ్డారు.

గని లేని చోట ఏముంటుంది? దళారీ ఉంటాడు. రాయి దొరికిందని ఊళ్లో గుసగుస మొదలైతే చాలు, రాత్రికి రాత్రి జీపులొస్తాయి. వ్యాపారులు తలా ఒక చీటీ మీద ధర రాసి మూసిన కవర్లో పెడతారు. ఎక్కువ రాసిన వాడికి రాయి. పైకి వేలం లాగే ఉంటుంది. కవర్లు రాసేవాళ్లంతా ముందురోజు ఒకే లాడ్జిలో కూచుని మాట్లాడుకున్నారేమో అడిగే దిక్కు లేదు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా మేనమామకు ఒక రాయి దొరికింది. కందిగింజ కంటే కొంచెం పెద్దది. రెండు రాత్రులు నిద్రపోలేదాయన. పోలీసులొస్తారని ఒక భయం, దొంగలొస్తారని ఒక భయం. మూడో రోజు ఒక వ్యాపారి వచ్చి, "లోపల మరకుంది, దీనికి ఇంతకంటే రాదు" అని చెప్పి నలభై వేలు చేతిలో పెట్టాడు. మరక ఉందో లేదో చూసే అద్దం మా ఇంట్లో లేదు. చూసి చెప్పే మనిషి మా మండలంలో లేడు. ఆ నలభై వేలు బోరుబావికి పోశాడు. బోరులో దుమ్ము తప్ప నీళ్లు రాలేదు. ఇప్పటికీ వానొస్తే ఆయన చేనుకు పోతాడు. విత్తడానికి కాదు, ఏరడానికి!

"ఏరుకుని బతకమంటావా?"

కొందరు పెద్దమనుషులు అడుగుతారు. "వజ్రాలు తవ్వితే కరువు పోతుందా? అంత లాభమే ఉంటే ఎప్పుడో తవ్వేవాళ్లు కదా?" అని.

సరైన ప్రశ్నే. జవాబు చెప్పాలి. గొట్టాలన్నింట్లో వజ్రాలుండవు. ఉన్నవాటిలోనూ తవ్వకం ఖర్చు తిరిగి వచ్చేంత ఉండకపోవచ్చు. వజ్రాలతో సీమ స్వర్గమవుతుందని చెప్పేవాడు కూడా దళారీనే. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా మాదని బళ్లో చదువుకున్నాం. మాకు మొదట కావాల్సింది నీళ్లు. హంద్రీనీవా కాలువ నిండుగా పారాలి. చెరువులు నిండాలి.

కానీ అసలు ప్రశ్న వేరు. తవ్వాలా వద్దా, ఎవరు తవ్వాలి, ఎంత వాటా ఎవరికి అని తేల్చేదెవరు? నిన్న లండన్, మొన్న మద్రాసు, ఆ తర్వాత హైదరాబాద్, ఇవాళ అమరావతి. ఎప్పుడైనా అనంతపురం తేల్చిందా?

2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల ప్రాంత ప్రజల కోసం జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని ఉంటేనే నిధి. వజ్రాలు చేలల్లో చేతులు మారి పోతుంటే నిధికి రూపాయి రాదు. 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం ఒక మాట తేల్చింది. ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుందని చెప్పింది. రాష్ట్రాలకు! ఉద్యోగ మిత్రులు, న్యాయవాద మిత్రులు ఆ మాటను రెండుసార్లు చదవాలి. భూమి మనదైతే చాలదు. ఆ భూమి మీద చట్టం చేసే సభ కూడా మనదై ఉండాలి. రాష్ట్రం అంటే జెండా, పాట కాదు. రాష్ట్రం అంటే లెక్క అడిగే హక్కు.

మనం అడిగేది ఇదీ

రాష్ట్రం వచ్చేదాకా నోరు మూసుకు కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే అడగాల్సినవి ఉన్నాయి.

ఒకటి, వజ్రకరూరు చుట్టుపక్కల ఇన్నేళ్లు జరిగిన అన్వేషణ ఫలితాలను తెలుగులో అచ్చేసి గ్రామసభల్లో చదవాలి. మా కాళ్ల కింద ఏముందో మాకు తెలియాలి.

రెండు, దొరికిన రాయిని భయం లేకుండా తెచ్చి చూపించుకునే సర్కారు కేంద్రం వజ్రకరూరులో పెట్టాలి. అద్దం పెట్టి, కాటా పెట్టి, ధర బోర్డు మీద రాసి, అందరి ముందూ వేలం వేయాలి. దొరికినవాడికి, చేను యజమానికి వాటా చట్టంలో రాయాలి.

మూడు, రాయి కోత, సాన పని మన పిల్లలకు అనంతపురంలోనే నేర్పాలి. సూరత్‌లో చేతులకు వచ్చిన పని మన చేతులకు రాదా?

నాలుగు, వజ్రకరూరులో మ్యూజియం కట్టాలి. గోర్-డో-నోర్ నమూనా పెట్టాలి. కింద మాత్రం 'వజ్రకరూరు వజ్రం, 1881' అని రాయాలి. దొర పేరు బ్రాకెట్లో వేసుకోండి, అభ్యంతరం లేదు.

విద్యార్థి మిత్రులారా! 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో పెద్దలు కూర్చుని మన నీళ్లకు, మన చదువుకు, రాజధానికో హైకోర్టుకో మాటిచ్చారు. ఆ ఒప్పందం కూడా 67 కేరట్ల రాయి లాంటిదే. తెచ్చినప్పుడు పెద్దదే. 1953లో కొంత కోశారు, 1956లో కొంత కోశారు, 2014 తర్వాత మళ్లీ కోశారు. ప్రతి కోతలోనూ మెరుపు వాళ్లకు పోయింది, పొడి మనకు మిగిలింది.

చేలో ఆ అవ్వ ఇంకా వంగి ఏరుతూనే ఉంటుంది. ఈసారి తొలకరికి మీరు వజ్రకరూరు వెళ్లండి. రాళ్లు ఏరడానికి కాదు, ఆ అవ్వ పక్కన నిలబడటానికి. వంగిన నడుములు నిటారుగా లేచిన రోజునే రాయి పేరు మారుతుంది. రాత కూడా మారుతుంది!