ఇంజను పేలినా తొందరపడలేదు

పొలంలో మోటారు శబ్దం మారితే రైతు ముందు స్టార్టరు ఆపివేస్తాడు. ఆ తర్వాతే మూత విప్పి చూస్తాడు. విమానం నడిపేవారికి ఆ వెసులుబాటు లేదు. నేల విడిచిన కొద్ది నిమిషాలకే ఇంజను చెడినా, ఎగురుతూనే జబ్బు కనిపెట్టాలి. వెంటనే దించకుండా గంటల తరబడి ఆకాశంలో తిప్పారని ప్రయాణికులు తర్వాత మండిపడడం వింటూనే ఉంటాము. ఆ కోపం సహజమే గాని సబబు కాదు.

ఒక ఇంజను పోతే విమానం రాయిలా కింద పడదు. రెండు ఇంజన్లది ఒక్కదానితోనే పైకి లేచి, తిరిగి దిగగలదని నిరూపిస్తేనే దానికి అనుమతి దొరుకుతుంది. ముందు విమానాన్ని నిలకడగా నడపాలి, తర్వాత ఎటు పోవాలో చూసుకోవాలి, ఆ తర్వాతే నేలమీది వారితో మాట్లాడాలి అన్నది పైలట్లకు నేర్పే వరుస.

2010 నవంబరు 4న సింగపూరు నుంచి సిడ్నీకి బయలుదేరిన క్వాంటాస్ వారి ఎ-380 విమానంలో 440 మంది ప్రయాణికులు, 29 మంది సిబ్బంది ఉన్నారు. ఇండోనేషియాలోని బాతామ్ దీవి మీద ఏడువేల అడుగుల ఎత్తున రెండు పేలుళ్లు వినిపించాయి. ఎడమ రెక్క కింది ఇంజనులో తిరిగే చక్రం బద్దలై, ముక్కలు రెక్కను చీల్చుకుపోయాయి. లోపల నూనె పోయే చిన్న గొట్టాన్ని సరిగా తయారుచేయకపోవడమే దీనికి మూలమని తర్వాత ఆస్ట్రేలియా దర్యాప్తులో తేలింది.

రెక్కలో తీగలు తెగాయి, ఇంధనం కారింది. పైలట్ల ఎదుట తెరమీద హెచ్చరికలు వరుసకట్టాయి. ఆనాడు కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లు ఉండడం అదృష్టమే. ఒకరు నడుపుతుండగా మిగిలినవారు ఏది పనిచేస్తున్నదో, ఏది లేదో సుమారు 50 నిమిషాలపాటు ఒక్కొక్కటే సరిచూశారు. అంత బరువుతో దిగితే రన్‌వే చాలుతుందా అని లెక్క కట్టారు. చివర మిగిలేది వంద మీటర్లు మాత్రమేనని తేలింది. బయలుదేరిన దాదాపు రెండు గంటలకు సింగపూరులోనే దిగారు.

అసలు పరీక్ష అక్కడ మొదలైంది. బ్రేకులు కాలిపోతున్నాయి, పక్కనే ఇంధనం కారుతున్నది. ఎడమవైపు చివరి ఇంజను ఆపినా ఆగడం లేదు. అందరినీ ఒక్కసారిగా జారుడు బల్లల మీదుగా తోసివేసి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. సిబ్బంది వారిని కూర్చోబెట్టే ఉంచారు. నురుగు చల్లించి, కుడివైపు ఒకే తలుపు నుంచి మెట్లమీదుగా దించారు. ఒక్కరికీ గాయం కాలేదు.

తొందరపడితే ఏమవుతుందో 1989 జనవరి 8న ఇంగ్లండులో తెలిసింది. లండన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళుతున్న బ్రిటిష్ మిడ్‌లాండ్ విమానంలో ఎడమ ఇంజను రెక్క విరిగితే, పైలట్లు చెక్కుచెదరని కుడి ఇంజనును ఆపివేశారు. కాకతాళీయంగా అదురు, పొగ తగ్గడంతో చేసింది సరైనదేననుకున్నారు. కుడి ఇంజనులో లోపమని కెప్టెన్ మైకులో చెప్పాడు. ఎడమవైపు మంటలు చూసినవారు ప్రయాణికులలోనూ, పరిచారికలలోనూ ఉన్నారు. ఆ మాట కాక్‌పిట్‌దాకా చేరలేదు. రన్‌వే చేరబోతుండగా ఎడమ ఇంజనూ ఆగిపోయింది. కెగ్‌వర్త్ దగ్గర విమానం కూలి, 126 మందిలో 47 మంది చనిపోయారు.

పెద్దవారికి తెలియదా అని నోరు మూసుకోవడం మన పల్లెల్లోనూ ఉన్నదే. శంషాబాదు నుంచి గల్ఫ్‌కు కూలికి పోయేవారిలో తెలుగు తప్ప మరో భాష రానివారు ఎందరో. సీటు బెల్టు, తలుపుల సంగతి హిందీ, ఇంగ్లీషులలో గబగబా చదివితే వారికి ఏమి అందుతుంది? కిటికీలోంచి మంట కనిపిస్తే ఏ భాషలో, ఎవరికి చెప్పాలి? ఆ విమానాలలో తెలుగు వచ్చిన పరిచారిక ఒక్కరైనా ఉండాలి. ముందుగా చెప్పే జాగ్రత్తలు తెలుగులోనూ వినిపించాలి. టికెట్టుకు అప్పుచేసి డబ్బు కట్టినవారికి ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.